మందు కొట్టే చేను, పిల్లల కోసం ఎదురుచూపు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు జిల్లాలో సంతానలేమికి వైద్యం చేస్తుంటాను. మిర్చి, పత్తి పండించే ఊళ్ల నుంచే నా దగ్గరికి ఎక్కువమంది వస్తారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: పిల్లలు కలగకపోవడంలో పురుగుమందుల ప్రభావం ఉంటే గింటే ఆడవాళ్ల మీదే.

వాస్తవం: మొన్న ఒకామె నాలుగేళ్ల రిపోర్టులు సంచి నిండా తెచ్చింది. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే, అన్నీ ఆమెవే. భర్త పేరు మీద ఒక్క కాగితం లేదు. "మీరేం పని చేస్తారండీ?" అని ఆయన్ని అడిగాను. సొంత చేనుకే కాదు, కూలికి కూడా మందు కొడతాడట. ట్యాంకు మూత కారి వీపంతా తడుస్తుందట, ఆ చొక్కాతోనే పొద్దుగూకేదాకా ఉంటాడట. పురుగుమందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, చెమట పట్టి ఉంటే ఇంకా తేలిగ్గా. పరీక్ష చేయిస్తే కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, తక్కువ వచ్చింది. సిగరెట్లు, వేరికోసిల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) లాంటి కారణాలూ ఉంటాయి కాబట్టి అది మందు వల్లేనని ఆ ఒక్క రిపోర్టుతో తేల్చలేను. కానీ ఆ ప్రశ్న నాలుగేళ్లుగా ఎవరూ అడగలేదంటే నాకు చాలా బాధేసింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా లోపం ఉంటుంది. గొడ్రాలన్న మాట పడేది మాత్రం ఆమే.

ఈ సంగతి బయటపడి చాలా ఏళ్లయింది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, నేలలోని నులిపురుగులను చంపే డీబీసీపీ అనే మందు తయారుచేసే కార్మికులు, తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని తమలో తామే గమనించుకున్నారు. పరీక్షిస్తే కొందరికి కౌంట్ బాగా పడిపోయింది, కొందరికి వీర్యకణాలే లేవు.

అపోహ: షాపులో అనుమతితో అమ్ముతున్నారంటే సేఫే.

వాస్తవం: 2011లో సుప్రీంకోర్టు ఆపించేదాకా ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కూడా అలా అమ్మిందే. కేరళలోని కాసరగోడ్‌లో జీడి తోటల మీద దాన్ని ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో చల్లారు. అక్కడి మగపిల్లలు ఈడుకు రావడం ఆలస్యమైందని పరిశోధకులు రాశారు.

అపోహ: ఒకసారి దెబ్బతింటే ఇక అంతే.

వాస్తవం: వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే మందు పని మానేసి మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయించమంటాను. కొందరిలో కౌంట్ పెరుగుతుంది. డీబీసీపీ కార్మికుల్లో కొందరికి ఎప్పటికీ పెరగలేదు కాబట్టి ఆలస్యం చేయకండి.

అపోహ: నేను మందు కొట్టను కదా, నాకేం కాదు.

వాస్తవం: అమ్మా, ఆ చొక్కా ఉతికేది మీరే కదా? దాన్ని ఇంట్లో బట్టలతో కలపకండి, గ్లవ్స్ వేసుకుని విడిగా ఉతకండి. నెల తప్పాక మందు కొట్టిన చేలో కాయ కోతకు వెళ్లకండి. కట్టెల పొయ్యి దగ్గరా కూర్చోకండి, ఆ పొగ వల్ల బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు పెరుగుతుంది.

నా దగ్గరికే కాదు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇద్దరూ కలిసి వెళ్లండి. ఈ సీజన్లో కొట్టిన మందు డబ్బాల లేబుళ్లు ఫోన్లో ఫొటో తీసి చూపించండి.