ఈమెయిల్ భద్రత: కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: పంపినవారి పేరు, చిరునామా సరిగ్గా కనిపిస్తే ఆ మెయిల్ వారు పంపినదే.

వాస్తవం: మెయిల్ సర్వర్లు నిర్వహించే మాకు తరచుగా ఎదురయ్యే అపోహ ఇదే. ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు మెయిల్‌ను చేరవేసే ఎస్‌ఎంటీపీ విధానం 1982లో ప్రమాణంగా వెలువడినప్పుడు, పంపినవారు నిజంగా వారేనా అని తనిఖీ చేసే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కవరు మీద 'ఫ్రం' అడ్రసు ఎవరి పేరుతోనైనా రాయగలిగినట్టే ఇక్కడా రాయవచ్చు. ఈ లోటు తీర్చడానికే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు తరువాత వచ్చాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కితే వాటి ఫలితాలు కనిపిస్తాయి. అయితే అవి డొమైన్‌ను, అంటే చిరునామాలో '@' తరువాత వచ్చే భాగాన్ని, నిర్ధారిస్తాయే తప్ప మనిషి నిజాయితీని కాదు. ఇంగ్లిష్ 'ఎమ్' ఉండవలసిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి సొంతంగా డొమైన్ కొనుక్కున్న మోసగాడు ఈ మూడింటిలోనూ నిక్షేపంగా పాసవుతాడు. ఫోన్‌లో చాలా యాప్‌లు పేరు మాత్రమే చూపుతాయి కనుక, దాని మీద నొక్కి పూర్తి చిరునామా చదవడం తప్పనిసరి.

అపోహ: లింకు తెరిచిన పేజీలో తాళం గుర్తు ఉంటే భయం లేదు.

వాస్తవం: ఆ పేజీతో మీ సంభాషణను దారిలో మరొకరు చదవలేరని మాత్రమే దానర్థం. దొంగ సైటుకూ ఆ తాళం ఉచితంగా దొరుకుతుంది.

అపోహ: ఖాతా ఇతరుల చేతిలో పడితే పాస్‌వర్డ్ మార్చితే చాలు.

వాస్తవం: లోపలికి వచ్చినవారు తరచుగా చేసే మొదటి పని సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ పెట్టడం: 'ఇన్వాయిస్' అనే మాట ఉన్న ప్రతి మెయిల్‌ను తమకు ఫార్వర్డ్ చేసి, యజమాని ఇన్‌బాక్స్‌లో కనబడకుండా పక్కకు తప్పించే నియమం అది. పాస్‌వర్డ్ మారినా ఆ నియమం చెక్కుచెదరదు. ఆ తరువాత ఏదో ఒకనాడు, పాత సంభాషణకు కొనసాగింపుగానే, 'మా బ్యాంకు ఖాతా మారింది' అని యజమాని పేరుతో మోసగాళ్లు రాసిన జవాబు సరుకు కొన్నవారికి వెళుతుంది. అందువల్ల ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ నంబరు, లాగిన్ అయి ఉన్న పరికరాలు అన్నీ చూసుకుని, రెండంచెల ధృవీకరణ పెట్టుకోవాలి. ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే, అందులోని ఫోన్ నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు చేసి అడగాలి. డబ్బు అప్పటికే పంపివేసి ఉంటే, తెల్లవారేదాకా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకూ తెలపాలి.