లివాడియాలో కుర్చీ దక్కని వాళ్లు

‘యాల్టా’ పేరు మళ్లీ వినిపిస్తోంది. 1945లో అమెరికా, బ్రిటన్, సోవియట్ అధినేతలు పోలండ్ వాళ్లను పిలవకుండానే పోలండ్ సంగతి తేల్చేసిన క్రిమియా పట్టణం అది. 2025 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం గురించి అమెరికా, రష్యా మంత్రులు రియాద్‌లో మాట్లాడుకుంటే ఆ గదిలో ఉక్రెయిన్ మనిషి లేడు. అదే ఏడాది ఆగస్టు 15న ట్రంప్, పుతిన్ అలాస్కాలో కలిసినప్పుడూ జెలెన్‌స్కీకి పిలుపు లేదు. సంధి ఊసు ఎత్తిన ప్రతిసారీ యూరప్‌లో ‘ఇంకో యాల్టానా?’ అనే ప్రశ్న లేస్తోంది.

ప్రచ్ఛన్న యుద్ధం ఎలా మొదలైందంటే గ్రూప్స్‌కు చదివిన ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు: చర్చిల్ ఇనుప తెర ప్రసంగం, ట్రూమన్ సిద్ధాంతం, మార్షల్ ప్రణాళిక, బెర్లిన్ దిగ్బంధం. ఆ వరుసలో తప్పేమీ లేదు. కాకపోతే 1946 మార్చిలో చర్చిల్ ఫుల్టన్‌లో మైకు ముందు నిలబడేనాటికే తగవు ముదిరిపోయి ఉంది. అది రాజుకున్నది అంతకు ఏడాది ముందు, పోలండ్ దగ్గర.

1945 ఫిబ్రవరి 4 నుంచి 11 వరకు రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ యాల్టా పక్కనున్న లివాడియా రాజప్రాసాదంలో సమావేశమయ్యారు. అప్పటికి పోలండ్‌కు ఇద్దరు హక్కుదారులున్నారు. ఒకటి, హిట్లర్ దాడితో దేశం విడిచి లండన్‌లో తలదాచుకున్న ప్రవాస ప్రభుత్వం. రెండోది, 1944 జూలైలో సోవియట్ అండతో లూబ్లిన్‌లో వెలిసిన కమిటీ. ఏడాది చివరి రోజున అది తననే తాత్కాలిక ప్రభుత్వమని ప్రకటించుకుంటే జనవరిలో మాస్కో గుర్తించేసింది. ఈ ఇద్దరిలో ఎవరినీ లివాడియాకు పిలవలేదు.

అక్కడ కుదిరిన వాక్యం ఇలా ఉంటుంది: ‘ఇప్పుడు పనిచేస్తున్న’ తాత్కాలిక ప్రభుత్వాన్ని మరింత విశాలమైన ప్రజాస్వామిక పునాది మీద పునర్వ్యవస్థీకరించాలి, వీలైనంత త్వరగా రహస్య బ్యాలెట్‌తో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలి. పునర్వ్యవస్థీకరణ అంటే కొత్త ప్రభుత్వమని వాషింగ్టన్ చదువుకుంది. లూబ్లిన్ వాళ్ల పక్కన నాలుగు కుర్చీలు వేస్తే చాలని మాస్కో చదువుకుంది. ఈ మాటలను ఎంతైనా సాగదీయొచ్చని, ఒప్పందాన్ని మీరకుండానే రష్యన్లు దీన్ని యాల్టా నుంచి వాషింగ్టన్ దాకా లాగగలరని సైనిక సలహాదారు అడ్మిరల్ లేహీ రూజ్‌వెల్ట్‌తో అన్నారట. తెలుసు, ఇప్పుడు పోలండ్‌కు ఇంతకు మించి చేయలేను అని అధ్యక్షుడి జవాబు. ఈ సంభాషణకు సాక్ష్యం లేహీ రాసుకున్న జ్ఞాపకాలే అయినా, ఆ తర్వాత జరిగింది మాత్రం అచ్చం అదే.

మాస్కో వాదన తీసిపారేసేది కాదు. ముప్పై ఏళ్లలో రెండుసార్లు జర్మన్ సైన్యం వచ్చింది ఆ దారినే. యుద్ధంలో సోవియట్ యూనియన్ కోల్పోయిన ప్రాణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. పైగా పంపకాలకు తెర తీసింది చర్చిలే. 1944 అక్టోబర్‌లో మాస్కోలో ఒక కాగితం మీద రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీస్‌లో బ్రిటన్‌కు 90 శాతం అని వాటాలు రాసి స్టాలిన్ ముందుకు నెట్టారు. ఆయన నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టారు. ఆ డిసెంబర్‌లో ఏథెన్స్ వీధుల్లో బ్రిటిష్ సైనికులు వామపక్ష గెరిల్లాలపై కాల్పులు జరుపుతుంటే స్టాలిన్ నోరు మెదపలేదు. 1945 ఏప్రిల్ 24న రాసిన లేఖలో ఆ లెక్కే గుర్తుచేశారు. బ్రిటన్ భద్రతకు బెల్జియం, గ్రీస్ ఎలాగో మాకు పోలండ్ అలాగే; అక్కడ ప్రభుత్వాలు పెట్టేటప్పుడు మీరు మమ్మల్ని అడిగారా అని.

ఆ ప్రశ్నకు లండన్, వాషింగ్టన్ దగ్గర సూటి జవాబు లేదు. పోలండ్ వాళ్ల దగ్గర ఉంది. కానీ వాళ్లను అడిగినవాళ్లు లేరు.

వాళ్ల కథ యాల్టాతో మొదలవదు. 1939లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని తూర్పు పోలండ్‌ను తీసుకున్నది స్టాలినే. 1940 వసంతంలో కాటిన్ అడవిలోనూ ఇతర చోట్లా సుమారు 22 వేల మంది పోలిష్ బందీలను సోవియట్ రహస్య పోలీసులు కాల్చి చంపారు. వాళ్లలో సైనికాధికారులు, పోలీసులు, చదువుకున్నవాళ్లు ఉన్నారు. 1943లో సమాధులు బయటపడ్డాయి. రెడ్‌క్రాస్ విచారణ జరపాలని లండన్‌లోని పోలిష్ ప్రవాస ప్రభుత్వం కోరితే, అదే సాకుగా మాస్కో సంబంధాలు తెంచుకుంది. నేరం ఒప్పుకోవడానికి 1990 దాకా పట్టింది. 1944 ఆగస్టు 1న వార్సా జనం జర్మన్ల మీద తిరగబడి 63 రోజులు పోరాడారు. విస్టులా నది అవతలి ఒడ్డుకు చేరిన ఎర్రసైన్యం అక్కడే నిలిచిపోయింది. సుదీర్ఘంగా నడిచి అలిసిపోయామన్నారు; అందులో కొంత నిజం ఉండొచ్చు. మరి ఆయుధాలు జారవిడిచే అమెరికన్ విమానాలు సోవియట్ స్థావరాల్లో దిగడానికి సెప్టెంబర్ మధ్య దాకా ఎందుకు ఒప్పుకోలేదన్నదానికి అలసట జవాబు కాదు.

యాల్టా సిరా ఆరకముందే, మార్చిలో, పోలండ్ రహస్య ప్రతిఘటన నాయకులు 16 మందిని సోవియట్ అధికారులు చర్చలకు రమ్మని పిలిచి అరెస్టు చేశారు. విమానమెక్కించి మాస్కో తీసుకెళ్లి జూన్‌లో విచారణ జరిపారు. నన్నడిగితే ప్రచ్ఛన్న యుద్ధానికి తేదీ వేయాల్సింది ఇక్కడే. సరిహద్దుల మీద బేరం వేరు. పొరుగు దేశంలో ఎవరు రాజకీయాలు చేయాలో, ఎవరు జైల్లో ఉండాలో నిర్ణయించడం వేరు.

ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ కన్నుమూశారు. పదకొండు రోజులకు సోవియట్ విదేశాంగ మంత్రి మొలటోవ్‌ను కొత్త అధ్యక్షుడు ట్రూమన్ కడిగేశారు. ‘జీవితంలో నాతో ఎవరూ ఇలా మాట్లాడలేదు’ అని మొలటోవ్ వాపోయినట్లు ట్రూమన్ తర్వాత రాసుకున్నారు. అనువాదకుడిగా ఉన్న బోలెన్ రికార్డులో ఆ ముక్క లేదు. ఏదైతేనేం, కోపం వల్ల పోలండ్‌కు ఒరిగిందేమీ లేదు. మే నెలలో మాస్కోకు అమెరికా పంపే యుద్ధ సామగ్రి సాయాన్ని (లెండ్-లీజ్) హఠాత్తుగా కోసి, ఆనక కొంత వెనక్కి తగ్గారు. జూలై 5న అమెరికా, బ్రిటన్ రెండూ లూబ్లిన్ వాళ్ల చేతిలోని వార్సా ప్రభుత్వాన్నే గుర్తించాయి. లండన్ నుంచి వెళ్లిన రైతు నాయకుడు మికోలాయ్‌చిక్‌కు అందులో ఉపప్రధాని పదవి దక్కింది. 1947 జనవరిలో జరిగిన రిగ్గింగ్ ఎన్నికల్లో కమ్యూనిస్టు కూటమికి 80 శాతం ఓట్లు వచ్చాయన్నారు. అక్టోబర్‌లో ఆయన దేశం వదిలి పారిపోయారు.

ఆ జూలై గుర్తింపు దెబ్బ మన దేశం దాకా తగిలింది. సోవియట్ ప్రవాస శిబిరాల నుంచి బయటపడిన పోలిష్ పిల్లలకు జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ మహారాజు ఆశ్రయమిచ్చారు. కొల్హాపూర్ పక్కన వలివడేలో వేలమంది పోలిష్ శరణార్థులు ఉండేవాళ్లు. వాళ్లలో చాలామంది సొంతూళ్లు యాల్టాలో కుదిరిన కొత్త సరిహద్దు గీతకు అవతల సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. ఎందరో ఇంటికి వెళ్లకుండా బ్రిటన్‌కో మరో దేశానికో చెదిరిపోయారు. 2024 ఆగస్టులో ప్రధాని మోదీ వార్సాలో నివాళి అర్పించిన స్మారకాలు ఈ కథవే.

మాస్కోకు కావాల్సింది భద్రతే అయితే దానికి ఇంకో దారి లేదా? పక్కనే ఫిన్లండ్ ఉంది. అదీ సోవియట్ సైన్యంతో పోరాడి ఓడిన దేశమే. భూభాగం వదులుకుంది, నష్టపరిహారం కట్టింది, 1948లో మైత్రీ ఒప్పందం మీద సంతకం చేసింది. ఎన్నికలు మాత్రం తన ఎన్నికలుగానే ఉంచుకుంది. పోలండ్‌కు ఆ పాటి వెసులుబాటు కూడా దక్కలేదు. (2023 ఏప్రిల్‌లో ఆ ఫిన్లండే నాటోలో చేరింది. కారణం ఉక్రెయిన్ యుద్ధం.)

మిగతాదంతా వేగంగా సాగింది. 1947 జూలైలో అమెరికా ఇస్తానన్న మార్షల్ సాయానికి ముందు సరేనన్న చెకోస్లొవేకియా, మాస్కో కన్నెర్ర చేయగానే వద్దంది. సెప్టెంబర్‌లో పోలండ్ గడ్డ మీదే యూరప్ కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి వేదిక కమిన్‌ఫామ్ పుట్టింది. ప్రపంచం రెండు శిబిరాలైందని అక్కడ సోవియట్ నేత జ్దానోవ్ చెప్పిన మాట 1948లో కలకత్తా మహాసభలో మన కమ్యూనిస్టుల పంథానూ మార్చింది. అది వేరే కథనానికి సరిపడా సరుకు.

ఉక్రెయిన్‌కు మింగుడుపడని ముక్క ఒకటుంది. యాల్టాలో పోలండ్ నుంచి కోసిన తూర్పు భాగంలోని ల్వీవ్ నగరం ఇవాళ ఉక్రెయిన్‌లో ఉంది. అంటే పోలండ్‌తో తనకున్న సరిహద్దు గీసింది కూడా ఆ ముగ్గురే.

2014లో క్రిమియాను రష్యా కలుపుకుంది. మరుసటి ఫిబ్రవరిలో లివాడియా ప్రాసాదం దగ్గర రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్‌ల కంచు విగ్రహాలు వెలిశాయి. శిల్పి త్సెరెతెలి వాటిని 2005లోనే ఇవ్వబోతే క్రిమియా తాతార్లు అడ్డుపడ్డారు. యాల్టా సదస్సుకు తొమ్మిది నెలల ముందు, 1944 మేలో, వాళ్లందరినీ స్టాలిన్ ఆ గడ్డ మీద నుంచి రైళ్లకెక్కించి మధ్య ఆసియాకు పంపేశారు.