బిషప్ లేని సంఘం: బాప్టిస్టుల గురించి అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో ఒక బాప్టిస్టు సంఘానికి నేను కార్యదర్శిని. బాప్టిస్టులంటే పసిపిల్లలకు కాకుండా, విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం ఇచ్చే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. మినిట్స్ పుస్తకం, సభ్యుల రిజిస్టర్, మందిరం తాళాలు నా దగ్గరుంటాయి. జీతం లేని పని. ఆదివారం ఆరాధన అయ్యాక నా చుట్టూ చేరి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒక్క నమ్మకం నుంచే పుడతాయి: మా పైన ఎవరో పెద్దాయన ఉన్నాడని. కాబట్టి ముందు ఆ సంగతే.

అపోహ: "ఆగండి, మీ బిషప్‌ గారికే చెప్తాం."

బిషప్ అంటే ఒక ప్రాంతంలోని చాలా సంఘాల మీద అధికారం ఉండే గురువు. మాకు బిషప్ లేరు. ఆ మాట చెబితే తప్పించుకుంటున్నామనుకుని కోపం ఇంకాస్త పెంచుకుంటారు. వాళ్లననీ లాభం లేదు. మన వైపు చర్చి అనగానే గుర్తొచ్చేవి బిషప్‌లున్న డోర్నకల్, మెదక్. డోర్నకల్‌లో వి.ఎస్. అజరయ్య 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడాయన. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు బిషప్ పద్ధతి అలాగే కొనసాగింది. బాప్టిస్టులు అందులో కలవలేదు. వరంగల్ కాథలిక్కులకూ బిషప్ ఉన్నారు. ఇన్ని చూశాక మాకూ ఒకరు ఉండాలనే అనుకుంటారు.

మా దగ్గర అధికారం జనరల్ బాడీది, అంటే సభ్యులందరి సమావేశానిది. పాస్టర్‌ని పిలవాలన్నా, బడ్జెట్ ఒప్పుకోవాలన్నా, ఎవరినైనా సభ్యత్వం నుంచి తీసేయాలన్నా సభ్యులు చెయ్యెత్తాలి, లేదా చీటీ వెయ్యాలి. ఇందుకు మేం రెండు వాక్యభాగాలు చూపిస్తాం. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు రోజూ పంచే దాని మీద సణుగుడు మొదలైతే, ఆ పని చూసే ఏడుగురిని ఏర్పరచుకొమ్మని అపొస్తలులు శిష్యులకే అప్పజెప్పారు. మత్తయి 18లో సోదరుల తగాదా చివరగా వెళ్లేది సంఘం ముందుకు. అక్కడితో మెట్లు అయిపోతాయి.

వినడానికి బాగుంటుంది. జరిగేది చూస్తే మాత్రం చిన్న సంఘాల్లో సగం ఓట్లు ఒకే ఇంటి బంధువులవి. ఫ్యాన్ల రిపేరు మీద మొదలైన చర్చ ఎప్పటివో పాత పగల దగ్గర తేలుతుంది. అంతకంటే పెద్ద లోపం ఇంకోటుంది: మెజారిటీ కలిసి ఒక సభ్యుడికి అన్యాయం చేస్తే, మత వ్యవస్థలో అతను అప్పీలు చేసుకునే చోటు లేదు. గొడవ ముదిరితే సంఘం రెండవుతుంది, అదే వీధిలో రెండో బోర్డు లేస్తుంది. ఇవన్నీ తెలిసీ నేను ఈ పద్ధతి వైపే ఉంటాను. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఏ తేదీన అన్నది పుస్తకంలో ఉంటుంది. నచ్చనివాళ్లు వచ్చే మీటింగులో మళ్లీ లేపొచ్చు, లేపుతారు కూడా.

అపోహ: "నెల్లూరులో మీ హెడ్డాఫీసు ఉంది కదా."

నెల్లూరులో ఉన్నది సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్ట్ చర్చెస్. అది 1962లో ఏర్పడింది. అది సంఘాల కూటమి. సంఘాలు ప్రతినిధులను పంపుతాయి, విడివిడిగా చేయలేని పనులు అక్కడ కలిసి చేస్తాయి. మా తీర్మానాన్ని కొట్టేసే అధికారం దానికి లేదు. ఏ కూటమిలోనూ చేరని బాప్టిస్టు సంఘాలు కూడా మన జిల్లాల్లో ఉన్నాయి.

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. నెల్లూరు స్టేషన్ 1840లో, సికింద్రాబాద్ 1875లో, హన్మకొండ 1879లో వచ్చాయి. ఏ సంఘం దాన్ని అదే పాలించుకోవాలనే స్వయంపాలన సిద్ధాంతం దొరలు, అంటే ఆ మిషనరీలు, వెంట తెచ్చిందే. కానీ జీతాలిచ్చే చెయ్యి దొరగారిదైనప్పుడు మాట కూడా ఆయనదే అవుతుంది. ఆ అలవాటు దొరలు వెళ్లాక కూడా పోలేదు.

ఆస్తి సంగతి వేరు. పాత మిషన్ కాంపౌండ్ల కాగితాలు స్థానిక సంఘం పేరు మీద కాకుండా సొసైటీ పేరునో ట్రస్టు పేరునో ఉండొచ్చు. ఆరాధన మీద పెత్తనం లేనివాళ్లకు కాళ్ల కింది నేల మీద హక్కు ఉంటుందన్నమాట. స్వయంపాలన గురించి గంటసేపు మాట్లాడే పెద్దల్లో దస్తావేజు తీసి చదివినవాళ్లు తక్కువ. మీ సంఘంలో పెద్దవాళ్లుంటే ఈ వారమే అడగండి.

అపోహ: "అమెరికా నుంచి డాలర్లు వస్తాయి."

విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ 2010 (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మా సంఘానికి అలాంటి ఖాతా లేదు. కరెంటు బిల్లు, పాస్టర్ జీతం, సున్నాలు అన్నీ కానుకల సంచిలోంచే. పంట కానుకల పండుగ రోజు వేలంలో ఒక సొరకాయ ధర విన్నారంటే డాలర్ల మాట మీరే మరిచిపోతారు.

అపోహ: "చర్చికి వచ్చేవాళ్లందరికీ ఓటుంటుంది."

రిజిస్టర్‌లో పేరున్న సభ్యులకే. పసిపిల్లలకు మేం బాప్తిస్మం ఇవ్వం, ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠిస్తాం. పెద్దయ్యాక తనంతట తాను విశ్వాసం ఒప్పుకుని, నీళ్లలో పూర్తిగా మునిగి బాప్తిస్మం తీసుకున్నవారే సభ్యులు. మందిరంలో తొట్టి లేని పల్లెల్లో చెరువుకో వాగుకో వెళ్తారు. పాస్టర్ కొడుకైనా పుట్టుకతో సభ్యుడు కాడు.

ఇక్కడే పాత నింద ఒకటి వస్తుంది, కూడు కోసం మునిగారని. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు, ఇదే అనుమానం వస్తుందని. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నది ఆ తర్వాత.

మా ఇబ్బంది ఇంత పెద్దది కాదు. కాజీపేట రైల్వే వాళ్లు బదిలీ మీద వస్తారు, పాత సంఘం నుంచి సభ్యత్వ ఉత్తరం తేరు. ఏళ్లకేళ్లు కూర్చుంటారు, పాటలు పాడతారు, ఓటు రోజున పేరు ఉండదు. ఇక కమిటీ ఎన్నికలున్న ఏడాది రిజిస్టర్ ఒక్కసారిగా లావెక్కుతుంది. కారణం నేను చెప్పక్కర్లేదు.

అపోహ: "పాస్టర్‌ని ట్రాన్స్‌ఫర్ చేయించొచ్చు."

చేసేవాళ్లెవరూ లేరు. ఖాళీ వస్తే కమిటీ వేస్తాం, వచ్చినాయన ఒకటి రెండు ఆదివారాలు వాక్యం చెప్తారు, జనరల్ బాడీ ఓటేస్తుంది. పంపాలన్నా ఓటే. మంచి అయ్యగారు కూడా ఒక్క మీటింగుతో వెళ్లిపోవచ్చు. ఆ టెన్షన్ ఆయన ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది.

అపోహ: "అభిషేకం అయిన పాస్టర్ ఎవరైనా పెళ్లి చేయొచ్చు."

బిషప్ లేకపోవడం చట్టంలో కూడా తగిలే చోటిది. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ 5వ సెక్షన్ ప్రకారం, బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులు తమ సంఘ నియమాల ప్రకారం పెళ్లి చేయొచ్చు, వాళ్లకు వేరే లైసెన్స్ అక్కర్లేదు. మా పాస్టర్లకు మాత్రం ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ ఉండాలి. అది లేకపోతే ప్రార్థన బాగానే జరుగుతుంది, తర్వాత పాస్‌పోర్టుకో వీసాకో సర్టిఫికెట్ అడిగినప్పుడు తిరుగుడు మొదలవుతుంది. కార్డులు అచ్చు వేయించకముందే లైసెన్స్ ఉందో లేదో అడగండి. అలా అడిగితే అయ్యగారికి అవమానమేమీ కాదు. మా దగ్గర లేకపోతే లైసెన్స్ ఉన్న పక్క సంఘం పాస్టర్‌ని పిలుస్తాం, దానికి జనరల్ బాడీ అవసరం లేదు.