నీరుగంటి చేతిలో ఇరవై ఎనిమిది మిల్లీఆంపియర్లు

లేజరు డయోడు, అంటే కరెంటు ఇస్తే లేజరు వెలుగు ఇచ్చే చిన్న ముక్క, చచ్చిపోయాక కూడా వెలుగుతుంది. దానితో వచ్చే చిక్కే అది. "బాగానే వెలుగుతోంది కదా మామయ్యా" అంటూ మా మేనల్లుడు గోడ మీద చూపించాడు. అక్కడ ఉండాల్సింది సూదిమొనతో పొడిచినట్టుండే ఎర్రటి చుక్క. కనిపించింది మాత్రం కుంకుమ నీళ్లు చిలికినట్టు ఒక మసక మరక. లోపలి లేజరు పోయి ఎల్‌ఈడీ మిగిలింది. ఆ వారంలో అది రెండో డయోడు.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు బెంగళూరులో మా ఇంటికి వచ్చి, గాలిలోని దుమ్మును లేజరు వెలుగుతో పసిగట్టే పరికరం చేస్తానని కూర్చున్నాడు. డయోడుకు కరెంటు ఇవ్వడం అందులో అతి చిన్న పని అనుకున్నాడు.

మొదటిది వోల్టేజీ వల్ల పోయింది. డేటాషీటులో 2.2 వోల్టులని చూసి, పవర్ సప్లైని సరిగ్గా అక్కడే పెట్టి తగిలించాడు. మామూలు బల్బుకైతే అది సరైన పద్ధతే. డయోడు తీరు వేరు. కొంత వోల్టేజీ వచ్చేదాకా దాదాపు ఏమీ పారనివ్వదు. ఆ గట్టు దాటిందంటే దాన్ని ఆపేది కొన్ని ఓముల లోపలి నిరోధం ఒక్కటే. అది 5 ఓములనుకుంటే, ఒక వోల్టులో పదో వంతు తేడా వస్తే చాలు, 20 మిల్లీఆంపియర్లు అదనంగా దూకుతాయి. పైగా వేడెక్కే కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ తగ్గుతుంది. మనం వోల్టేజీని కదలకుండా పట్టుకుంటే కరెంటు పెరుగుతుంది, దానితో వేడి మరింత పెరుగుతుంది.

రెండోదాని విషయంలో వాడిని తప్పుపట్టలేను. సప్లైలో కరెంటు పరిమితిని 30 మిల్లీఆంపియర్లకు బిగించాడు, వోల్టేజీ మాత్రం 5 దగ్గరే ఉంది. స్విచ్చి వేశాక డయోడు తగిలించాడు. ఆ పరిమితిని కాపాడే సర్క్యూటు పెట్టె లోపల ఉంటుంది. దాని తర్వాత, బయటికి వచ్చే తీగల దగ్గర ఒక పెద్ద కెపాసిటరు అప్పటికే 5 వోల్టులు నింపుకుని కూర్చుంది. డయోడు తగలగానే ఆ నిల్వంతా ఒక్కసారిగా దానిలోకి దిగిపోయింది. కాపలావాడు వాకిట్లో ఉండగా దొంగ పెరటి గుండా వచ్చాడన్నమాట.

ఇంత సున్నితం ఎందుకంటే, వెలుగు బయటికి వచ్చే గవాక్షం అంత చిన్నది. మా చేతిలో ఉన్నది 650 నానోమీటర్ల ఎర్ర డయోడు, 5 మిల్లీవాట్లకు తయారైనది. ఆ కాస్త వెలుగూ కొన్ని మైక్రాన్ల అంచులోంచి బయటపడాలి. లెక్క కడితే చదరపు సెంటీమీటరుకు లక్ష వాట్లు దాటుతుంది. వెలుగు అంతకు మించితే ఆ అంచే దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా పీల్చుకుంటుంది, చివరికి కరుగుతుంది. ఇదంతా మైక్రోసెకను లోపే ముగిసిపోవచ్చు. ఫ్యూజు నిద్ర లేచే సరికి దినవారాలు కూడా అయిపోతాయి.

1962లో అమెరికాలో రాబర్ట్ హాల్ బృందం తొలి అర్ధవాహక లేజరును వెలిగించినప్పుడు దాన్ని ద్రవ నత్రజనిలో చల్లబరిచి, తునకలు తునకలుగా కరెంటు ఇవ్వాల్సి వచ్చింది. గది ఉష్ణోగ్రతలో ఆగకుండా వెలిగేది రావడానికి 1970 దాకా పట్టింది. ఇప్పుడది బెంగళూరులో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డులో చిన్న ప్లాస్టిక్ సంచిలో దొరుకుతోంది. చిక్కపేట మెట్రో స్టేషన్‌లో దిగి, చేతిబండ్లను తప్పించుకుంటూ నడిచి, ఒక శనివారం ఇద్దరం మూడో డయోడు కొనడానికి వెళ్లాం. కొట్టాయన మా మాటలు విని తెలుగులోనే అడిగాడు: "డ్రైవరు ఉందా, లేక దీన్నీ కాలుస్తారా?"

డ్రైవరంటే డయోడుకు వెళ్లే కరెంటును అదుపులో ఉంచే సర్క్యూటు. నిజానికి ఒక్క రెసిస్టరుతో కూడా పని జరుగుతుంది. చవక పాయింటర్లు చాలావాటిలో ఉండేది అదే. 5 వోల్టుల సప్లైకి 100 ఓములు పెడితే 28 మిల్లీఆంపియర్లు పారతాయి. సప్లై 5.5కి లేస్తే అదే 33 అవుతుంది. మా డయోడు 20 దగ్గర లేజరుగా మారి 28 దగ్గర పూర్తి వెలుగు ఇస్తుంది. అంటే బతుకుకూ చావుకూ మధ్య జాగా చాలా తక్కువ. వోల్టేజీని నిలకడగా ఉంచే ఎల్‌ఎం317 అనే చిప్పును కరెంటును నిలిపేలా వాడితే ఇంకాస్త నయం. అది తన రెండు కాళ్ల మధ్య 1.25 వోల్టులు పట్టి ఉంచుతుంది కాబట్టి 47 ఓములు పెడితే 26.6 మిల్లీఆంపియర్లు. బొమ్మలకు చాలు. మావాడికి మాత్రం కరెంటును సన్నగా సర్దుకునే వీలు కావాలి.

కోలారు, చిత్తూరు వైపు చెరువుల కింద నీరుగంటి అని ఒకరు ఉంటారు. కన్నడంలోనూ అదే పేరు. కాలవలో నీటి మట్టం చూస్తూ తూము ఎత్తడం, దించడం ఆయన పని. మేం కట్టిన సర్క్యూటు అచ్చం అదే. తూము మాస్‌ఫెట్ అనే ఒక రకం ట్రాన్సిస్టరు. కాలవలో గుర్తురాయి 10 ఓముల రెసిస్టరు, 28 మిల్లీఆంపియర్లు పారితే దాని మీద 0.28 వోల్టులు నిలుస్తాయి. నీరుగంటి ఎల్‌ఎం358 అనే ఆప్‌యాంప్. మనం చెప్పిన 0.28నూ గుర్తురాయి దగ్గర కనిపించేదాన్నీ పోల్చుకుంటూ, తేడా పోయేదాకా తూమును సర్దుతుంది. సప్లై ఊగినా, డయోడు వేడెక్కినా దానికి లెక్కలేదు, అది చూసేది గుర్తురాయినే. రెసిస్టరు 1 ఓము పెట్టి వేడి తగ్గించుకుందామని వాడికి ఆశ. ఈ చవక ఆప్‌యాంప్ చూపులో 7 మిల్లీవోల్టుల దాకా పొరపాటు ఉండొచ్చు. 10 ఓముల మీద అది 0.7 మిల్లీఆంపియరు, 1 ఓము మీద ఏకంగా 7. వద్దన్నాను.

సర్క్యూటు గీయడానికి పది నిమిషాలు పట్టింది. మిగిలిన రెండు రోజులూ నీరుగంటి కళ్లు మూసుకున్న క్షణాల్లో ఏమవుతుందని ఆలోచించడానికే సరిపోయాయి. కరెంటును సర్దే పాట్‌, అంటే తిప్పితే విలువ మారే రెసిస్టరు, ఉంది కదా, దాని లోపల జారే ముల్లు ఒక్క క్షణం పట్టు తప్పితే? ఎల్‌ఎం358 లోపలి నుంచి కారే కొద్దిపాటి కరెంటుకే ఆజ్ఞ అందుకునే దాని కాలు గాలిలో వేలాడుతూ పైకి తేలుతుంది. నీరుగంటికి "తూము ఎత్తు" అని వినిపిస్తుంది. 9 వోల్టుల సప్లై మీద డయోడులోకి 450 మిల్లీఆంపియర్ల దాకా పోతాయి. దీనికి మందు ఒక్క 100 కిలోఓముల రెసిస్టరు. ముల్లు నుంచి నేలకు, అంటే సప్లై మైనస్ తీగకు, కడితే, ముల్లు ఊడినా ఆజ్ఞ సున్నాకే దిగుతుంది. పక్కనే 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే స్విచ్చి వేయగానే దూకకుండా మెల్లగా ఎక్కుతుంది. పాట్‌ను చివరిదాకా తిప్పినా 30 దాటకుండా పైన ఇంకో రెసిస్టరు. ఇక డయోడును మొసలి నోటి క్లిప్పులతో తగిలించడం నిషేధం. క్లిప్పు ఊడితే కాలవ ఎండిందనుకుని నీరుగంటి తూము మొత్తం ఎత్తేస్తాడు. తిరిగి తగిలితే వచ్చేది వరదే. అందుకే టంకం.

మొదటి పరీక్ష డయోడుతో కాదు, మూడు 1ఎన్4007 మామూలు డయోడులను వరసగా కట్టి చేశాం. మీటరు 28.0 అని నిబ్బరంగా చూపించింది. కరెంటు ఊగిసలాటను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు స్నేహితుడి దగ్గరుంటే పెట్టి చూశాం. కరెంటు సెకనుకు లక్షల సార్లు పైకీ కిందకీ ఊగిపోతోంది. మీటరు సగటునే చెబుతుంది, డయోడును చంపేది శిఖరం. మావాడు ఎంచుకున్న మాస్‌ఫెట్ మోటార్లు నడిపే బలిసిన రకం. దాన్ని తెరిచే, మూసే కాలు, అంటే గేటు, నిండటానికి సమయం పట్టి, నీరుగంటి ప్రతిసారీ ఆలస్యంగా సర్దుతున్నాడు. గేటుకు ముందు 100 ఓములు, ఆప్‌యాంప్ చుట్టూ చిన్న కెపాసిటరు పెట్టాక గీత నిలకడగా నిలిచింది.

ఈ పద్ధతి దుబారా అని ఒప్పుకోవాలి. సప్లై నుంచి పావు వాటు తీసుకుంటే డయోడుకు చేరేది అందులో పావు వంతు, మిగిలినది చాలావరకు మాస్‌ఫెట్ దగ్గర వేడి. ఫోను ఛార్జరులా టకటకా తెంచి కలిపే స్విచ్చింగ్ పద్ధతి పొదుపే కానీ దాని అలజడి కరెంటులో దిగుతుంది. ఇదే నగరంలో, సదాశివనగర్‌లోని రామన్ పరిశోధన సంస్థలో లేజర్లతో పరమాణువులను చల్లబరిచే ప్రయోగాలు జరుగుతాయి. అలాంటి చోట రుబీడియం పరమాణువు కోరేది 780 నానోమీటర్ల వెలుగు, అదీ పౌనఃపున్యంలో 6 మెగాహెర్ట్జ్ వెడల్పే ఉన్న సన్నని గీత మీద. డయోడు కరెంటు ఒక మిల్లీఆంపియరు కదిలితే వెలుగు పౌనఃపున్యం గిగాహెర్ట్జ్ స్థాయిలో జరగొచ్చు, కాబట్టి మైక్రోఆంపియర్లకు కూడా లెక్క చెప్పాలి. 1993లో లిబ్రెక్ట్, హాల్ అనే ఇద్దరు ప్రచురించిన డ్రైవరు అలాంటి ప్రయోగశాలలకు పనికొచ్చింది. విడిభాగాలు ఎంతో మేలైనవి. ఎముకల గూడు మాత్రం మాదే: గుర్తురాయి, తూము, ఆప్‌యాంప్. ఆ హాల్‌కే, అంటే జాన్ హాల్‌కు, 2005లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ మాట చెప్పాక మావాడు సర్క్యూటు బోర్డును కొంచెం మర్యాదగా పట్టుకున్నాడు.

ఆదివారం రాత్రి అసలు డయోడును టంకం వేశాం. వెలుగు పుంజాన్ని ఎవరి కంటికీ తగలకుండా గోడకేసి తిప్పి, స్విచ్చి వేశాం. చుక్క మెల్లగా మేలుకుంది, క్యాలెండరు పక్కన. వాడు ఊరుకోకుండా జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు తెచ్చి డయోడు మీద వేడి గాలి కొట్టాడు. మీటరు 28.0 దగ్గరే ఉంది. చుక్క మాత్రం కళ్లెదుటే నీరసించింది. వేడెక్కిన డయోడుకు లేజరుగా మారడానికే ఎక్కువ కరెంటు కావాలి, 28లో వెలుగుకు మిగిలేది తగ్గుతుంది. నీరుగంటి నీళ్లు కొలిచాడు తప్ప పైరు చూడలేదు.

"మరి దీనికి మూడో కాలు ఎందుకుంది మామయ్యా?" అన్నాడు వాడు. లోపల వెలుగును కొలిచే ఫోటోడయోడు కాలు అది. అప్పటికి పదకొండున్నర అయింది. వాడు ఇంకో ఆప్‌యాంప్ కోసం డబ్బా వెతకడం మొదలుపెట్టాడు.