గేమ్ తయారీపై మా పర్లాకిమిడిలో వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

ఐదేళ్లుగా ఒంటరిగా వీడియో గేమ్స్ తయారు చేస్తున్నాను. ఉండేది ఒడిశా గజపతి జిల్లాలో. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా.

అపోహ: "గేమ్స్ అంటే బెట్టింగే కదా, గవర్నమెంటు బ్యాన్ చేసిందిగా?"

మా పిన్ని కూడా ఇదే అడిగితే బాధేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను. కథ చెప్పే ఆటకూ, పజిల్‌కూ ఆ నిషేధం లేదు.

అపోహ: హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి, లక్షలు పెట్టాలి.

గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ (ఇంజిన్ అంటాం) గోడో ఉచితం. ప్లే స్టోర్లో గేము పెట్టే అకౌంటుకు ఒక్కసారి 25 డాలర్లు, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో ఒక్కో గేముకు 100 డాలర్లు. నిజమైన ఖర్చు జీతం లేకుండా గడిచే నెలలు. పుణెలో తయారైన 'రాజీ' అనే గేముకి 2017లో జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్లో అడిగినంత సొమ్ము రాలేదు, అయినా పట్టు వదలకుండా 2020లో విడుదల చేశారు. నేనైతే పెళ్లి వీడియోల ఎడిటింగ్‌తో ఇల్లు గడుపుతున్నాను.

అపోహ: తెలుగు కావాలంటే డైలాగులు పేస్ట్ చేస్తే సరి.

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. ఒత్తు కిందికి దిగాలి, గుడి తలకట్టు చోట కూర్చోవాలి. ఇంజిన్‌కి ఆ పని రాకపోతే 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయిపోతుంది. అందుకే మొదటి గేములో డైలాగులన్నీ బొమ్మలుగా చేసి పెట్టాను. ఒక్క అక్షరం మార్చాలన్నా బొమ్మ మళ్లీ చేయాల్సిందే. 2023 మార్చిలో గోడో 4 వచ్చాక ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి. అయినా లైన్ల మధ్య ఎడం పెంచండి, లేకపోతే ఒత్తులు కింది లైనుకు తగులుతాయి. భాష సంగతీ అంతే, పుస్తకాల భాష పేస్ట్ చేస్తే సరిపోదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నా గేములో అవ్వ "ఏటి బాబూ, ఎటెల్తన్నావు?" అనే అంటుంది.

అపోహ: అప్‌లోడ్ చేసిన రోజే ప్లే స్టోర్లో వచ్చేస్తుంది.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంటయితే ముందు 12 మంది వరుసగా 14 రోజులు టెస్టింగులో ఉండాలి. నాకు పాతపట్నం నుంచి ఐదుగురు, ఇక్కడ ఏడుగురు దొరికారు. మూడో రోజు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నా, నా పాత ఫోన్లో ఒక బటన్ సగమే కనబడతంది." ఆ రాత్రే సరిచేసి పంపాను.