గోడ చుట్టి వదిలేసిన కొండ: స్లీవ్ లామగన్ నేపథ్యం

ఉత్తర ఐర్లండ్‌లోని మోర్న్ పర్వతాలకు వెళ్లేవారిలో ఎక్కువమంది గమ్యం 850 మీటర్ల ఎత్తున్న స్లీవ్ డొనార్డ్. అదే శ్రేణి నడుమ 704 మీటర్ల ఎత్తున నిలిచిన స్లీవ్ లామగన్ వైపు మళ్లేవారు తక్కువ. ఎత్తులో తేడాయే ఇందుకు కారణమనుకుంటే పొరపాటు. ఈ కథ బెల్‌ఫాస్ట్ నగరపు నీటి ఎద్దడితో మొదలవుతుంది.

నార మిల్లులు, ఓడల తయారీతో 19వ శతాబ్దం చివరికి జనాభా విపరీతంగా పెరిగిన ఆ నగరానికి తాగునీరు చాలక, అక్కడి జల కమిషనర్లు మోర్న్ కొండల్లో దాదాపు 9,000 ఎకరాల పరీవాహక ప్రాంతాన్ని సేకరించారు. పశువులు చొరబడి నీటిని పాడుచేయకుండా 1904 నుంచి 1922 వరకు దాని చుట్టూ గోడ కట్టించారు. చాలా భాగం సున్నమూ సిమెంటూ లేకుండా, గ్రానైట్ రాళ్లను ఒకదానిలో ఒకటి ఒదిగేలా పేర్చి కట్టిన ఆ గోడ 30 కిలోమీటర్లకు పైగా సాగి, 15 శిఖరాల మీదుగా వెళుతుంది. కూలీలు ఒక్కొక్క రాయినీ చేత్తో ఎంచి నిలబెట్టిన ఆ పనితనం ముందు ఎవరైనా కాసేపు ఆగవలసిందే. అయితే పరీవాహక ప్రాంతపు అంచును అనుసరించి వేసిన హద్దు కావడంతో అది డొనార్డ్‌తో సహా చుట్టూ ఉన్న శిఖరాలనే కలుపుకుపోయింది. లామగన్, దాని పక్కనున్న కోవ్ కొండ లోపలే ఉండిపోయాయి.

మంచు కమ్మినా గోడ వెంట నడిస్తే దారి తప్పే భయం ఉండదు కనుక, నీటి కోసం కట్టినదే క్రమంగా నడక మార్గమైంది. 1957లో యూత్ హాస్టల్ సంఘం గోడ పొడవునా ఏటా ఒక నడక మొదలుపెట్టింది; వేలమంది పాదాల కింద మెత్తటి పీట్ నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడినది) కోతకు గురవడంతో 1980ల్లో దాన్ని మానేయవలసి వచ్చింది.

లామగన్‌కు అలా చేయి పట్టుకుని నడిపించే గోడ లేదు. బ్లూ లాఖ్ అనే చిన్న సరస్సు దగ్గర మొదలయ్యే దక్షిణపు వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, గడ్డి దుబ్బులనూ రాతి అంచులనూ పట్టుకుని పాకవలసి వస్తుంది. ఐరిష్‌లో ఈ పేరుకు చేతులతో పాకే కొండ అని అర్థం చెబుతారు. గోడ కట్టక ముందెప్పుడో ఆ పేరు పెట్టినవారు కూడా ఇలాగే ఎక్కి ఉంటారు.