ఫర్మ్‌వేర్‌లో రెడీమేడ్ కాంపోనెంట్లు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉండి మోటారు పంపుల కంట్రోలర్లకు ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామ్) రాస్తుంటాను. రెడీమేడ్ కాంపోనెంట్లు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ముక్కలు వాడటం గురించి, ప్రాజెక్టుల కోసం వచ్చే ఇంజినీరింగ్ పిల్లల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: డ్రైవర్లు (హార్డ్‌వేర్‌తో మాట్లాడే కోడ్), కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థాయి కోడ్ మనమే రాసుకోవాలి. వేరేవాళ్లది అతకదు.

వాస్తవం: 1997 నాటికే అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్లు ఓఎస్‌కిట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కాంపోనెంట్ల సెట్‌లో అతికించి చూపించారు. డ్రైవర్లు లినక్స్‌వి, నెట్‌వర్క్ స్టాక్ (నెట్‌వర్క్‌ను నడిపే కోడ్) ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ది. లోపలి కోడ్‌ను పెద్దగా కదపకుండా చుట్టూ గ్లూ కోడ్ (రెండు వైపులనూ కలిపే కోడ్) రాశారు.

అపోహ: విడి కాంపోనెంట్లతో కడితే స్లో అయిపోతుంది.

వాస్తవం: ఏది దేనితో కలుస్తుందో బిల్డ్ చేసేటప్పుడే తెలిస్తే, లింక్ టైమ్ ఆప్టిమైజేషన్ (ఫైళ్లన్నీ కలిపేటప్పుడు కోడ్‌ను వేగంగా మార్చడం) ఫైళ్ల హద్దులు దాటి ఫంక్షన్లను ఇన్‌లైన్ చేయగలదు, అంటే పిలిచే చోటే వాటి కోడ్‌ను పెట్టేయగలదు. ముందు కొలవండి.

అపోహ: వేరేచోట ఏళ్లుగా నడిచిన కోడ్ కదా, ఇక్కడా నడుస్తుంది.

వాస్తవం: నన్ను నిజంగా భయపెట్టేది ఈ మాటే. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 తొలి రాకెట్ బయలుదేరిన సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్ ఒక 64 బిట్ల విలువను 16 బిట్లలోకి మార్చబోయింది, అది పట్టలేదు. పాత రాకెట్ ప్రయాణంలో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగలేదు.

మన బోర్డుల్లో ఇలా జరుగుతుంది. డేటా వచ్చిందని చెప్పడానికి సీరియల్ డ్రైవర్ మన ఫంక్షన్‌ను ఇంటరప్ట్‌లోంచే (హార్డ్‌వేర్ పిలుపుకి నడుస్తున్న పనిని ఆపి నడిచే కోడ్‌లోంచే) పిలుస్తుంది. మన ఫంక్షన్ లాగర్‌ను (జరిగినవి రాసిపెట్టే కోడ్‌ను) పిలుస్తుంది. లాగర్ ఒక లాక్ (ఒకసారికి ఒకరినే లోపలికి రానిచ్చే తాళం) కోసం ఆగుతుంది. ఆ లాక్ పట్టుకున్న టాస్క్ కదలాలంటే ఇంటరప్ట్ ముగియాలి. ఇంకేముంది, బోర్డు బిగుసుకుపోతుంది. వాచ్‌డాగ్ (బోర్డు బిగుసుకుపోతే దాన్ని రీసెట్ చేసే టైమర్) పెట్టకపోతే మోటారు స్విచ్ అయిన రిలే ఆన్‌లోనే ఉండిపోయి, బావిలో నీళ్లు అయిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. బొబ్బిలి వైపు తోటల్లో ఇలాంటిది జరిగితే అందరూ లో వోల్టేజీ అనుకుంటారు. డ్రైవర్, లాగర్ విడివిడిగా టెస్ట్ చేస్తే రెండూ పాసే! హెడర్ ఫైల్ (ఫంక్షన్ల జాబితా ఉండే ఫైల్) చూస్తే ఫంక్షన్ పేరు, ఆర్గ్యుమెంట్ల టైపులు తెలుస్తాయి గానీ ఇంటరప్ట్‌లో పిలవొచ్చో లేదో తెలియదు. అందుకే ప్రతి ఫంక్షన్ పైన మూడు సంగతులు రాయమంటాను: ఇంటరప్ట్‌లో పిలవొచ్చా, మధ్యలో ఆగుతుందా, బఫర్‌ను (డేటా పెట్టుకున్న మెమరీని) ఎవరు ఫ్రీ చేయాలి.

అపోహ: ఇనిట్ ఫంక్షన్లన్నీ (ఒక్కో కాంపోనెంట్‌ను మొదట్లో సిద్ధం చేసేవి) ఏదో ఒక వరసలో పిలిస్తే చాలు.

వాస్తవం: చాలదు. లాగర్ సిద్ధం కాకముందే డ్రైవర్ దానికి మెసేజ్ పంపిందంటే బూట్‌లోనే క్రాష్. 2000లో యూటా వాళ్లే తెచ్చిన నిట్ అనే టూల్, దేనికి ఏది కావాలో చెబితే ఆ వరసను తానే తేల్చేది. చిన్న ప్రాజెక్టులో ఆ వరసను మెయిన్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్‌లో) చేత్తో రాసుకోవచ్చు. కాకపోతే ఏది ఎందుకు ముందు రావాలో పక్కనే కామెంట్‌లో పెట్టండి, తర్వాత వచ్చేవాళ్లు ఆ లైన్లు అటూ ఇటూ మార్చేయకుండా.